జబ్బుది ముప్పై ఏళ్ల లెక్క, గ్రాంటుది మూడేళ్ల లెక్క

మీరు అడిగినవి నాలుగు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నారు, రెండేళ్ల కిందట అమ్మ క్యాన్సర్‌తో పోయారు, మందులకన్నా ముందు అసలు ఈ జబ్బు ఎందుకొస్తుందో వెతికే పని చేయాలనుంది. దానికి పీహెచ్‌డీ ల్యాబ్‌లో చేయాలా, ఎపిడెమియాలజీలో (ఏ జబ్బు ఎవరికి, ఎందుకు వస్తోందో గుంపుల లెక్కల్లో వెతికే శాస్త్రంలో) చేయాలా? రోజులు ఎలా గడుస్తాయి? స్థిరమైన ఉద్యోగం దొరుకుతుందా? అప్లికేషన్‌లో అమ్మ సంగతి రాయొచ్చా? వరసగా చెప్పలేను, ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి. ఆఖరి దానికి మాత్రం ఆఖర్లోనే జవాబిస్తాను.

నా సంగతి ముందు చెప్పేస్తాను. ఇరవై మూడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు ల్యాబ్‌లో, డీఎన్ఏకి రసాయనాలు ఎలా అతుక్కుంటాయో చూస్తూ గడిపాను. తర్వాత ఎపిడెమియాలజీకి మారాను. మీలాగా ఒక కారణంతో వచ్చినవాణ్ని కాను. సీటు వచ్చింది, స్టైపెండ్ వచ్చింది, చేరాను. ఇష్టం తర్వాత పుట్టింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బలమైన సొంత కారణంతో వచ్చినవాళ్లకి ఈ రంగంలో మొదటి దెబ్బ తొందరగా తగులుతుంది. అది చూశాను.

ఆ దెబ్బ "కారణం" అనే మాట దగ్గరే తగులుతుంది. ఇంట్లో మనిషి పోయినప్పుడు మనం అడిగేది "ఆవిడకే ఎందుకొచ్చింది?" అని. ఈ శాస్త్రం ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. సిగరెట్ తాగేవాళ్లలో ఎక్కువమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదు. ఎన్నడూ ముట్టనివాళ్లలో కొందరికి వస్తుంది. అయినా సిగరెట్ ఆ జబ్బుకి కారణమేనని మేము ఏ తడబాటూ లేకుండా అంటాం. ఎందుకంటే మేము మాట్లాడేది గుంపు గురించి. లక్షమందిలో ఎంతమందికి వచ్చింది, ఈ ఒక్కటి తీసేస్తే ఎంతమందికి రాకుండా ఉండేది అన్నదే మా లెక్క. ఫలానా మనిషికి ఫలానా రోజున ఫలానా కణంలో ఏం జరిగిందో దాదాపు ఎప్పుడూ తెలియదు. నా దగ్గర చేరిన ఒక విద్యార్థి ఇది అర్థమైన రోజున రెండు వారాలు ల్యాబ్‌కి రాలేదు. తిరిగొచ్చి మంచి పనే చేశాడు. కానీ ఆ రెండు వారాలు మీకూ వస్తాయని ముందే చెప్పడం నా బాధ్యత.

ఇక ఈ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఇదే. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్, చిన్నప్పుడు పొగగొట్టాల్లోకి దూరి మసి తుడిచే పని చేసినవాళ్లకి పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద క్యాన్సర్ వస్తోందని రాశాడు. మసికీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని ఒక డాక్టర్ కంటితో చూసి పట్టుకున్నాడన్నమాట. సరే, మసిలో ఏముంది? ల్యాబ్‌లో దాన్ని తిరిగి పుట్టించడానికి నూటనలభై ఏళ్లు పట్టింది. 1915లో టోక్యోలో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ల చెవులకి రెండు మూడు రోజులకోసారి బొగ్గు తారు పూస్తూ, నెలల తరబడి మానకుండా పూస్తూ పోతే చివరికి క్యాన్సర్ వచ్చింది. అంతకుముందు ఇదే ప్రయత్నం చేసినవాళ్లున్నారు. వాళ్లు తొందరగా వదిలేశారు. తారులో వందల రసాయనాలుంటాయి కదా, వాటిలో ఏది? లండన్‌లో ఒక బృందం రెండు టన్నుల తారు మడ్డిని వేరుచేస్తూ వేరుచేస్తూ 1933లో బెంజోపైరీన్‌ని బయటికి తీసింది. అది కణంలో ఏం చేస్తుంది? దానికి ఇంకో అరవై మూడేళ్లు. 1996లో పీ53 అనే జన్యువులో, ఊపిరితిత్తుల కణితుల్లో ఎక్కువగా దెబ్బతిని కనిపించే చోట్లలోనే బెంజోపైరీన్ అతుక్కుంటోందని తేలింది. 157, 248, 273 నంబర్ల కోడాన్లు (జన్యువులో మూడేసి అక్షరాల ముక్కలు). సిగరెట్ పొగలో ఉన్నదీ అదే బెంజోపైరీన్.

1775 నుంచి 1996 దాకా 221 ఏళ్లు. సర్జన్, పాథాలజిస్టులు, కెమిస్టులు, మాలిక్యులర్ బయాలజిస్టులు. ఒక్కరికీ మొత్తం కథ తెలియదు. మీరు చేరబోయేది ఇలాంటి గొలుసులోకి. ఏ లింకు దగ్గర నిలబడతారన్నది మీ ఇష్టం.

ఇప్పుడు ల్యాబా, ఎపిడెమియాలజీనా అన్నదానికి వస్తాను. చాలామంది దీన్ని తెలివికీ అభిరుచికీ సంబంధించిన ప్రశ్నలా చూస్తారు. నా అనుభవంలో ఏ రకం ఓటమిని తట్టుకోగలరో చూసుకుని ఎంచుకోవడం మేలు. ల్యాబ్‌లో ఓటమి వారానికోసారి వస్తుంది, చిన్నదిగా వస్తుంది. కల్చర్‌లో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పడుతుంది, యాంటీబాడీ పనిచేయదు, ఆర్నెల్లుగా ఊపిరితిత్తుల కణాలనుకుని పెంచుతున్నవి వేరే క్యాన్సర్ నుంచి వచ్చి ల్యాబ్‌లన్నిటికీ పాకిన హీలా కణాలని తేలుతుంది (నవ్వకండి, 1960ల నుంచి ఎన్నో ల్యాబ్‌లలో జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది, చేరిన వారంలోనే మీ సెల్ లైన్‌కి ఎస్‌టీఆర్ టెస్ట్ (కణాలు ఎవరివో డీఎన్ఏతో గుర్తించే పరీక్ష) చేయించుకోండి). ఎపిడెమియాలజీలో ఓటమి ఐదేళ్లకోసారి వస్తుంది, వచ్చినప్పుడు మొత్తం పోతుంది. కంట్రోళ్లని (పోల్చడానికి తీసుకునే, ఆ జబ్బు లేనివాళ్లని) తప్పుగా ఎంచుకున్నారని ఐదో ఏట తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

దానికి పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ 1981 నాటి కాఫీ సంగతి. హార్వర్డ్ వాళ్లు మంచి పేరున్న పత్రికలో కాఫీకీ పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌కీ సంబంధం ఉందని రాశారు. పత్రికల నిండా అదే. చేసినవాళ్లు అనామకులు కారు, ఈ రంగంలో పెద్దవాళ్లు. తప్పెక్కడుంది? పోల్చడానికి తీసుకున్న కంట్రోళ్లు కూడా అవే డాక్టర్ల దగ్గరికొచ్చిన ఆస్పత్రి పేషెంట్లు. వాళ్లలో చాలామందికి కడుపు, పేగు జబ్బులున్నాయి. కడుపు బాగాలేనివాళ్లు కాఫీ తగ్గించేస్తారు. దాంతో క్యాన్సర్ పేషెంట్లు ఎక్కువ తాగుతున్నట్టు కనిపించింది. నిజానికి తక్కువ తాగుతున్నది కంట్రోళ్లు. తర్వాతి అధ్యయనాల్లో ఆ సంబంధం నిలబడలేదు. మీకు ఈ ఒక్క ఉదాహరణలోని మెలిక చదవగానే "అయ్యో, అవును కదా" అనిపించి ఒంట్లో ఒక హుషారు పుడితే మీరు ఎపిడెమియాలజీ మనిషే. విసుగనిపిస్తే ల్యాబ్‌కి వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు.

నా సొంత తప్పు కూడా చెబుతాను. పీహెచ్‌డీ మూడో ఏట. డీఎన్ఏకి ఆక్సీకరణ వల్ల జరిగే నష్టాన్ని కొలిచే ఒక గుర్తు ఉంటుంది. క్యాన్సర్ ఉన్నవాళ్ల రక్తంలో, లేనివాళ్ల రక్తంలో దాన్ని కొలిచి పోల్చడం నా పని. తేడా దాదాపు రెండింతలు వచ్చింది. విచిత్రమేమిటంటే కంట్రోళ్లలోనే ఎక్కువ! నేనూ మా గైడూ దానికో సిద్ధాంతం అల్లేశాం. జబ్బు ఉన్నవాళ్ల శరీరం నష్టాన్ని సరిచేసుకునే వేగం పెంచుకుంటుందేమో అని. స్లైడ్లు తయారు, కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపాం. అప్పుడు శాంపిళ్లు సర్దే టెక్నీషియన్ ఒకాయన ఫ్రీజర్ దగ్గర నిలబడి, "సార్, కంట్రోళ్ల ట్యూబులన్నీ పసుపు మూతలవే ఎందుకున్నాయి?" అన్నాడు. కేసుల (క్యాన్సర్ ఉన్నవాళ్ల) ట్యూబులకి ఊదా మూతలు. అంటే గడ్డకట్టకుండా కలిపిన రసాయనమే వేరు. తవ్వితే ఇంకోటి బయటపడింది. పేషెంట్ల రక్తం ఆస్పత్రిలో తీసి గంటలో ఫ్రీజర్‌లో పెట్టారు. కంట్రోళ్ల రక్తం బయట క్యాంపుల్లో తీసి, రాత్రంతా ప్రయాణం చేయించి, మర్నాడు పెట్టారు. మేము కొలిచింది క్యాన్సర్‌ని కాదు, ప్రయాణాన్ని. పద్నాలుగు నెలల పని. దాన్ని చివరికి "శాంపిల్ ఆలస్యమైతే ఈ గుర్తు ఎలా మారుతుంది" అనే చిన్న పేపర్‌గా మార్చాను. నిజం చెప్పాలంటే నా పేపర్లన్నిటిలో ఇతరులకి నికరంగా ఉపయోగపడింది అదేనేమో.

ఆ రోజు నుంచి ఏ ఫలితం ఎంత అందంగా వచ్చినా నేను ముందు వెళ్లేది ఫ్రీజర్ లాగ్‌బుక్ దగ్గరికి. రోజులెలా గడుస్తాయని అడిగారు కదా, ఇలాగే గడుస్తాయి. ఎపిడెమియాలజిస్ట్ రోజులో ముప్పావు వంతు డేటా శుభ్రం చేయడం. పుట్టిన తేదీకన్నా ముందే చనిపోయిన తేదీ ఉన్నవాళ్లని వెతకడం, ఒకే మనిషి రెండు స్పెల్లింగులతో రెండుసార్లు నమోదైతే కలపడం, క్యాన్సర్ రిజిస్ట్రీ (ఒక ప్రాంతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ల నమోదు) కోడ్లు పదేళ్ల మధ్యలో మారితే పాతవి కొత్తవాటికి సరిపెట్టడం, ఎథిక్స్ కమిటీకి అదే ఫారం మూడోసారి నింపడం. మిగతా పావు వంతులో చదువుతారు, రాస్తారు, వాదిస్తారు.

తప్పుల దగ్గరే ఇంకో మాట. అందరూ నమ్మినది కూడా తప్పవుతుంది. క్యారెట్లలాంటి వాటిలో ఉండే బీటా కెరోటిన్ రక్తంలో ఎక్కువున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని అధ్యయనం తర్వాత అధ్యయనం చెప్పింది. ల్యాబ్ వాళ్ల దగ్గర దానికి చక్కటి వివరణ కూడా సిద్ధంగా ఉంది. సరే, మాత్రలుగా ఇచ్చి చూద్దామని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద ట్రయల్ చేశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్రలు వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటిదే మరో ట్రయల్‌లో 28 శాతం ఎక్కువ వచ్చేసరికి 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. మంచి జరుగుతుందని ఇచ్చిన మాత్ర అది. కారణాల మీద పనిచేసేవాళ్లు ఈ కథ మర్చిపోకూడదు. సంబంధం కనిపించడం వేరు, దాన్ని కదిలిస్తే ఫలితం కదలడం వేరు.

ఇక కాలం లెక్క. శీర్షికలో పెట్టింది అందుకే, ఈ ఉద్యోగంలో అసలు ఇబ్బంది అదే. ఆస్బెస్టాస్ పీల్చినవాళ్లకి మీసోథీలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్) ముప్పై నలభై ఏళ్ల తర్వాత వస్తుంది. హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడ్డవాళ్లని 1950 నుంచి గమనిస్తూ వస్తే లుకేమియా కొన్నేళ్లలోనే పెరిగింది కానీ, మిగతా కణితులు దశాబ్దాల తర్వాత కూడా మామూలుకన్నా ఎక్కువగానే బయటపడుతూ వచ్చాయి. మీ గ్రాంటు మూడేళ్లది. పీహెచ్‌డీ నాలుగైదేళ్లది. మరి పని ఎలా జరుగుతుంది?

అరువు తెచ్చుకుంటాం. ఎవరో ముప్పై ఏళ్ల కిందట సేకరించి పెట్టిన మనుషుల వివరాలూ రక్తమూ ఇవాళ మనం వాడతాం. అమెరికాలో 1976లో 1,21,700 మంది నర్సులతో మొదలుపెట్టిన అధ్యయనం, యూరప్‌లో 1992 నుంచి పది దేశాల్లో ఐదు లక్షల పైచిలుకు మందిని చేర్చుకున్న ఎపిక్ అనే అధ్యయనం, 2006 నుంచి 2010 దాకా ఐదు లక్షలమందిని నమోదు చేసిన యూకే బయోబ్యాంక్, ఇలాంటివి. మొదలుపెట్టినవాళ్లలో కొందరు రిటైరయ్యారు, కొందరు లేరు. ఈ పనికి ఆద్యుడనదగ్గ రిచర్డ్ డాల్ అదృష్టవంతుడు. బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే స్టాటిస్టీషియన్‌తో కలిసి 1950లో లండన్ ఆస్పత్రుల పేషెంట్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల మీద మొదటి పేపర్ రాశాడు. మొదట్లో ఆయన అనుమానం కార్ల పొగ మీద, రోడ్లకి వేసే తారు మీద ఉండేది. లెక్కలు సిగరెట్ వైపు తిరిగేసరికి పేపర్ రాకముందే తనే సిగరెట్ మానేశాడు. 1951లో బ్రిటిష్ డాక్టర్లకి ఒక చిన్న ప్రశ్నపత్రం పంపితే దాదాపు 40,000 మంది జవాబిచ్చారు. వాళ్లని యాభై ఏళ్లు వెంబడించి, 2004లో ఫలితాలు అచ్చువేశారు. జీవితమంతా పొగతాగినవాళ్లు సగటున పదేళ్లు ముందు పోతున్నారని, ముప్పై ఏళ్ల వయసులో మానేస్తే ఆ పదేళ్లూ దాదాపు వెనక్కొస్తాయని. అప్పుడు డాల్ వయసు 91. మరుసటి ఏడు చనిపోయాడు. తను మొదలుపెట్టిన ప్రశ్నకి తనే చివరి జవాబు రాసుకునే యోగం మాలో ఎవరికో గానీ పట్టదు.

గుర్తింపు గురించి కూడా ఒక మాట, కలలు కనే వయసు కాబట్టి. పేటన్ రౌస్ 1911లో కోళ్లలో ఒక వైరస్ వల్ల కణితి వస్తుందని చూపించాడు. ఎవరూ పెద్దగా నమ్మలేదు. ఆయన ఆ పని పక్కనపెట్టి రక్తం నిల్వ చేసే పద్ధతుల్లాంటి వేరే విషయాల మీదికి వెళ్లిపోయాడు, 1930లలో గానీ కణితుల వైపు తిరిగి రాలేదు. నోబెల్ 1966లో వచ్చింది, 87 ఏళ్ల వయసులో. అదే నోబెల్, ఎలుకల కడుపులో ఒక పురుగు వల్ల క్యాన్సర్ వస్తుందన్న ఫిబిగర్‌కి 1926 సంవత్సరానికి ఇచ్చేశారు. ఆయన చూసినవి క్యాన్సర్ కావని, విటమిన్ ఎ లోపం వల్ల వచ్చిన మార్పులై ఉండాలని తర్వాత తేలింది. కుందేళ్ల చెవులకి తారు పూసిన యమగివాకి రానేలేదు.

ల్యాబ్, ఎపిడెమియాలజీ రెంటి మధ్యా ఇప్పుడు ఒక మూడో దారి బాగా తెరుచుకుంది. నేను ఇప్పుడు మీ వయసులో ఉంటే అటే వెళ్లేవాణ్ని. కణితి జీనోమ్ (దాని డీఎన్ఏ) మొత్తం చదివితే ఏ కారణం ఎలాంటి మ్యుటేషన్లని (డీఎన్ఏ మార్పుల్ని) వదిలి వెళ్లిందో కనిపిస్తుంది. సంతకంలాంటిది. 2013లో 7,042 కణితుల్ని చూసి ఇలాంటి సంతకాలు 21 ఉన్నాయని తేల్చారు, తర్వాత ఆ జాబితా ఇంకా పెరిగింది. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలది ఒకటి, సిగరెట్ పొగది ఒకటి. బూజు పట్టిన గింజల్లో ఉండే అఫ్లటాక్సిన్ పీ53లో 249వ కోడాన్‌ని దెబ్బతీస్తుందని 1991లోనే తెలుసు.

వీటన్నిటిలో నాకిష్టమైనది అరిస్టోలోకిక్ ఆమ్లం కథ. డాన్యూబ్ ఉపనదుల వెంట బాల్కన్ పల్లెల్లో కొన్ని కుటుంబాల్లో మూత్రపిండాలు పాడైపోవడం, మూత్రనాళాల్లో క్యాన్సర్లు రావడం దశాబ్దాలపాటు ఎవరికీ అంతుపట్టలేదు. నీళ్లన్నారు, వైరస్ అన్నారు, జన్యువులన్నారు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందు వాడిన ఆడవాళ్లకి అచ్చం అలాంటి మూత్రపిండాల జబ్బే వచ్చింది. ఆ మందులో అరిస్టోలోకియా అనే మొక్క కలిసింది. బాల్కన్ గోధుమ చేలల్లోనూ అదే జాతి మొక్క కలుపుగా పెరుగుతుంది, గింజలు పిండిలో కలిసిపోతాయి. చివరికి ఆ పేషెంట్ల కణితుల్లో డీఎన్ఏ చూస్తే ఆ ఆమ్లం చేసే ప్రత్యేకమైన మార్పు కనిపించింది. డీఎన్ఏలో A అక్షరం ఉండాల్సిన చోట T ఉండటం. మొక్క తన సంతకం పెట్టే వెళ్లింది. డాక్టరు కన్ను, ఊరూరా తిరిగే సర్వే, కెమిస్ట్రీ, సీక్వెన్సింగ్, అన్నీ కలిస్తేనే ఇది తేలింది.

అలాగని సంతకాలే సర్వస్వం అనుకోకండి. అన్నవాహిక క్యాన్సర్ కొన్నిచోట్ల విపరీతంగా, కొన్నిచోట్ల చాలా తక్కువగా వస్తుంది. ఎనిమిది దేశాల నుంచి 552 కణితుల జీనోములు చదివి 2021లో ప్రకటించారు. ఆ తేడాని వివరించే సంతకం కనిపించలేదు. నాలాంటి వాళ్లకి అది చాలా ఆసక్తికరమైన "ఏమీ దొరకలేదు". అంటే కొన్ని కారణాలు డీఎన్ఏని ముట్టుకోకుండానే పని కానిస్తున్నాయేమో. ఈ ఆలోచన పాతదే. 1940లలో ఎలుకల చర్మం మీద ముందు కొంచెం క్యాన్సర్ కారకం పూసి, తర్వాత నేపాళం నూనె పూస్తూ పోతే కణితులు వచ్చేవి. నూనె ఒక్కటే పూస్తే దాదాపు వచ్చేవి కావు. 2023లో లండన్ బృందం గాలి కాలుష్యం గురించి దాదాపు అదే చెప్పింది. సన్నటి ధూళి కొత్త మ్యుటేషన్లు తేవడం కన్నా, ఊపిరితిత్తుల్లో ముందే నిద్రపోతున్న దెబ్బతిన్న కణాల్ని వాపు ద్వారా లేపుతోందని. ఎనభై ఏళ్ల నాటి నేపాళం నూనె మళ్లీ సీక్వెన్సింగ్ మిషన్ పక్కకి వచ్చి కూర్చుంది. యాభై ఏళ్లలోపు వాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ చాలా దేశాల్లో ఎందుకు పెరుగుతోందన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న. పేగులో ఉండే కొన్ని ఈ.కోలై రకాలు తయారుచేసే కోలిబాక్టిన్ అనే విషం సంతకం చిన్న వయసు పేషెంట్లలో ఎక్కువగా కనిపిస్తోంది. అదే కారణమని ఇంకా అనలేం. మీరు పీహెచ్‌డీ ముగించేనాటికి ఏదో ఒక వైపు తేలుతుందేమో.

ఏం నేర్చుకోవాలి? స్టాటిస్టిక్స్. తర్వాత మళ్లీ స్టాటిస్టిక్స్. బయోటెక్ నుంచి వచ్చేవాళ్లు పీ-వాల్యూ (తేడా యాదృచ్ఛికమేమో చూసే అంకె) వస్తే చాలనుకుంటారు. కన్‌ఫౌండింగ్ (మూడో విషయమేదో రెండింటి మధ్య లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపించడం) అంటే ఏమిటో ఒక పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీరు సగంమందికన్నా ముందున్నట్టే. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి గట్టిగా పట్టుకోండి. 1965లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ సంబంధం ఎప్పుడు కారణమవుతుందన్న దాని మీద ఇచ్చిన ఉపన్యాసం కొన్ని పేజీలే, సులువుగా ఉంటుంది, చదవండి. అందులో ఆయన చెప్పిన తొమ్మిది అంశాల్నీ చెక్‌లిస్టులా టిక్కులు పెట్టే పరీక్షల అలవాటు మాత్రం వదిలేయండి. అలా వాడొద్దని ఆయనే అన్నాడు.

ఉద్యోగం సంగతి దాపరికం లేకుండా చెబుతాను. పీహెచ్‌డీ చేసినవాళ్లలో సొంత ల్యాబ్ నడిపే స్థాయికి చేరేవాళ్లు తక్కువ. నా బ్యాచ్‌లో పదకొండు మందిమి. ఇద్దరం మిగిలాం. పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) రెండు, ఒక్కోసారి మూడు చేయాల్సి వస్తుంది. ఊళ్లు మారతాయి, కాంట్రాక్టులు ఏడాదికోసారి పొడిగిస్తారు, గ్రాంటు అప్లికేషన్లలో ఎక్కువ భాగం తిరిగొస్తాయి. పెళ్లి, పిల్లలు, తల్లిదండ్రుల ఆరోగ్యం, అన్నీ సరిగ్గా ఆ వయసులోనే మీద పడతాయి. ఆ టెన్షన్ నిజమైనదే. అయితే మిగతా తొమ్మిదిమందీ రోడ్డున పడలేదు. ఒకరు క్యాన్సర్ రిజిస్ట్రీ నడుపుతున్నారు. ఇద్దరు రసాయనాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థల్లో టాక్సికాలజిస్టులు. ఒకావిడ మందుల కంపెనీలో బయోస్టాటిస్టిక్స్ విభాగం చూస్తుంది, మా అందరికన్నా ఎక్కువ సంపాదిస్తుంది, కలిసినప్పుడల్లా గుర్తుచేస్తుంది కూడా. స్టాటిస్టిక్స్ అని రెండుసార్లు అన్నది అందుకు కూడా. ఈ దారి మూసుకుపోయినా వేరే తలుపులు తెరిచేది అదే.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల సంఖ్య చూడకండి. వెళ్లిపోయిన విద్యార్థుల్ని వెతికి ఫోన్ చేయండి. ఒక్కటే అడగండి: "మీకు ఫలితం రాకపోతే ఆయన ఏమన్నారు?" ఏమీ దొరకలేదన్న ఫలితాన్ని కూడా అచ్చుకి పంపనిచ్చే గైడ్ అయితే చేరండి. ఈ రంగంలో ఎక్కువసార్లు దొరికేది అదే.

మరో ఒత్తిడి ఉంది, ల్యాబ్‌లో ఎవరూ చెప్పరు. మీరు కారణం అని వేలెత్తి చూపేది తరచుగా ఎవరో ఒకరు అమ్ముకునే వస్తువు. 1969 నాటి ఒక సిగరెట్ కంపెనీ అంతర్గత పత్రంలో, సందేహమే మన సరుకు అని రాసుకున్నారు. అది తర్వాత కోర్టు కేసుల్లో బయటపడింది. కాబట్టి డబ్బు ఎక్కణ్ణించి వస్తోందో ముందే కనుక్కోండి, పేపర్‌లో రాయండి. అటువైపు ఇదుంటే, ఇటువైపు భయపెట్టడమే పనిగా పెట్టుకున్న వార్తలుంటాయి. 2015లో లియాన్‌లోని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) ప్రాసెస్ చేసిన మాంసాన్ని, సిగరెట్ కూడా ఉన్న గ్రూప్ 1లో (క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో) పెడితే, మాంసమూ సిగరెట్టూ ఒకటేనని రాసేశారు. గ్రూప్ అన్నది సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. ఈ వాక్యాన్ని బంధువులకి ఫోన్‌లో నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, మీరూ చెబుతారు.

ఇంత చెప్పాక, మరి ఎందుకున్నారు అని అడగొచ్చు. నా వరకు జవాబు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 1970లలో దానికి హెర్పిస్ వైరస్ కారణమని అందరూ అనుకుంటుంటే హరాల్డ్ త్సుర్ హౌసెన్ ఆ కణితుల్లో హెర్పిస్ దొరకడం లేదని, పాపిలోమా వైరస్ వెతకాలని పట్టుబట్టాడు. 1983లో ఆయన బృందానికి ఆ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) 16వ రకం దొరికింది, మరుసటి ఏడు 18వ రకం. టీకా 2006లో వచ్చింది. 2020లో స్వీడన్‌లో దాదాపు 17 లక్షలమంది ఆడపిల్లల, ఆడవాళ్ల రికార్డులు చూస్తే, పదిహేడేళ్లలోపు టీకా వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 88 శాతం తక్కువ. ఆ పేపర్ వచ్చిన రోజు నేను ఆఫీసులో తలుపేసుకుని ఆ గ్రాఫ్‌నే చాలాసేపు చూశాను. రెండు గీతలు. టీకా వేసుకోనివాళ్లది పైది, ఎక్కుతూ పోతోంది. వేసుకున్నవాళ్లది కిందిది, దాదాపు నేలకి అంటుకుని ఉంది. ఆ రెండు గీతల మధ్య ఖాళీలో ఉన్న ఆడవాళ్లెవరో ఎవరికీ తెలియదు, వాళ్లకీ తెలియదు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. అమ్మ సంగతి రాయండి. ఒక్క వాక్యం, మొదటి పేరాలో. ఏ క్యాన్సరో, ఏ సంవత్సరమో, అంతే. నేను సెలక్షన్ కమిటీల్లో చాలాకాలం కూర్చున్నాను. పేజీ నిండా దుఃఖం రాసినవాళ్లని చదివి మనసు కరుగుతుంది, మార్కులు మాత్రం వేయలేం. రెండో వాక్యం నుంచి మీరు అడగదలచుకున్న ప్రశ్న రాయండి, ఎవరి శాంపిళ్లతో, ఏ కంట్రోళ్లతో జవాబు వెతుకుతారో రాయండి. ఇంటర్వ్యూలో అమ్మ గురించి ఎవరైనా అడిగితే గొంతు వణికినా ఫర్వాలేదు, కాసిని నీళ్లు తాగి మళ్లీ ప్రశ్న దగ్గరికి రండి. డ్రాఫ్ట్ రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.